ఓరుగల్లు చుట్టూ గుడి, చెరువు, గుట్ట, అడవి: చూసి రావలసిన తీరు

కాకతీయుల కాలంలో ఒక సేనాని గుడి కట్టించాడంటే, చాలాచోట్ల దానితోపాటు ఒక చెరువూ, ఆ చెరువు కింద సాగు చేసుకొని బతికే ఒక ఊరూ ఏర్పడేవి. ఈ మూడింటినీ విడదీసి చూసేవారికి ఓరుగల్లు ప్రాంతంలో సగమే కనిపిస్తుంది. అందుకే ఇక్కడికి రాదలచుకున్నవారు గుళ్ల జాబితా ఒకటి, జలాశయాల జాబితా ఒకటి వేరువేరుగా రాసుకోవడం మాని, ఏ గుడికి ఏ చెరువు తోడుగా ఉందో, ఆ చెరువు ఏ ఊరిని సాకుతోందో తెలుసుకొని ప్రయాణం కూర్చుకోవడం మంచిది. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి వేయి స్తంభాల గుడి, కోట, రామప్ప, లక్నవరం, బొగత జలపాతం అన్నీ ఒక్క రోజులో ముగించి రాత్రికి ఇల్లు చేరాలనుకునేవారు ఏటా ఎందరో ఉంటారు గానీ, అలా వెళ్లినవారికి గుర్తుండేది రోడ్డు మాత్రమే.

బస ఎక్కడ, రాకపోకలు ఎలా

బసకు హనుమకొండ అన్ని విధాలా అనువైనది. హైదరాబాద్ నుంచి రోడ్డు మార్గాన దాదాపు 145 కిలోమీటర్లు ఉంటుంది. రైలులో వచ్చేవారు కాజీపేట జంక్షన్‌లో గాని వరంగల్ స్టేషన్‌లో గాని దిగవచ్చు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ ఒకే నగరంగా కలిసిపోయాయి కాబట్టి ఎక్కడ దిగినా ఆటోలో బస చేరుకోవచ్చు. నగరంలోని స్థలాలకు ఆటో చాలు. ములుగు వైపు ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి కాని, ప్రధాన రహదారి నుంచి లోపలికి ఉన్న పాలంపేట, గణపురం, దామరవాయి వంటి ఊళ్లకు బస్సును నమ్ముకుంటే రోజంతా నిరీక్షణలోనే గడిచిపోతుంది. నలుగురు కలిసి ఒక కారు మాట్లాడుకోవడం ఖర్చు దృష్ట్యానూ, కాలం దృష్ట్యానూ మేలు. అద్దె మాట్లాడేటప్పుడే లోపలి ఊళ్ల పేర్లన్నీ డ్రైవరుకు చెప్పి ఒప్పించుకోవాలి. ‘రామప్ప, లక్నవరం’ అని మాత్రమే చెబితే మధ్యలో గణపురం వైపు బండి తిప్పమన్నప్పుడు పేచీ వస్తుంది.

వర్షాలు వెనుకపట్టి చెరువులు నిండుగా ఉండే అక్టోబరు నుంచి, ఎండలు ముదరని ఫిబ్రవరి వరకు ఈ ప్రాంతానికి అసలైన కాలం. జలపాతం కోసమే వచ్చేవారు మాత్రం జూలై, సెప్టెంబరు మధ్య రావాలి. అయితే ఆ నెలల్లో హనుమకొండ–ములుగు రహదారిలో కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకితే (అలుగు పారితే) నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి కాబట్టి, బయలుదేరే ముందు ఆ దారి సంగతి వాకబు చేసుకోవడం తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవారికి చెప్పగలిగినది ఒక్కటే: చెప్పులు విప్పి నడవవలసిన గుడి ఆవరణల్లో బండలు కాలిపోతుంటాయి, దళసరి మేజోళ్లు వెంట ఉంచుకోవాలి.

మొదటి రోజు నగరంలోనే

వేయి స్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగృహాలు ఒకే రంగమండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం ఇది. పొద్దున ఏడు గంటలలోపు వెళితే నునుపు తేలిన నల్లరాతి స్తంభాలను తీరికగా చూడవచ్చు. ఆలయానికీ కల్యాణ మండపానికీ నడుమ ఉన్న ఏకశిలా నంది ఒంటిమీది గంటల పేరును దగ్గరగా గమనించాలి; రాతిలో చెక్కిన పట్టెడ మెడకు అంటుకొని కాక, కట్టినట్టుగా వేలాడుతుంటుంది. కల్యాణ మండపాన్ని విప్పదీసి మళ్లీ నిలబెట్టే పని ఏళ్ల తరబడి సాగి, 2024లో అది తిరిగి తెరుచుకుంది. కాబట్టి పాత ఫొటోలలో రాళ్ల కుప్పగా కనిపించిన చోట ఇప్పుడు మండపం నిలిచి ఉంటుంది.

అక్కడి నుంచి పద్మాక్షి గుట్ట దగ్గరే. కాకతీయులు శైవం వైపు మొగ్గక ముందు ఈ నేల మీద జైనం ఎంత బలంగా ఉండేదో ఈ గుట్ట మీది తీర్థంకరుల శిల్పాలు చెబుతాయి. రెండవ ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసదిని (జైన ఆలయాన్ని) కట్టించినట్టు 1117 నాటి శాసనం ఉంది. శాసన స్తంభం గుట్ట మీదే ఉన్నా, చాలామంది అమ్మవారి దర్శనం చేసుకొని దాన్ని చూడకుండానే దిగిపోతారు. గుట్ట కింది గుండం సద్దుల బతుకమ్మ నాడు జనంతో కిక్కిరిసిపోతుంది. పండుగ కోసం వచ్చేవారికి అది గొప్ప వేళ, శాసనం కోసం వచ్చేవారికి కాదు.

కోటకు మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లాలి. గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేసిన రాతి కోట, దాని చుట్టూ కందకం, ఆ వెలుపల మట్టి కోట అన్నవి పుస్తకంలో చదివితే గీతలుగానే ఉంటాయి గాని, బండి దిగి ఒక్క ద్వారమైనా నడిచి దాటితే వాటి ఉద్దేశం తెలుస్తుంది. దారి నేరుగా లోపలికి పోదు. రెండు మలుపులు తిరిగితే తప్ప లోపలి ప్రాకారం కనిపించదు, ఏనుగుతో తలుపు గుద్దించడానికి కావలసినంత పరుగు దూరం శత్రువుకు దొరకదు. కోట లోపల ఇప్పటికీ ఊరు ఉంది, పొలాలు ఉన్నాయి. ఊరి నడిబొడ్డున, కూలిపోయిన స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలు కోటను పట్టుకున్న తర్వాత ఆలయం మిగల్లేదు గాని తోరణాలు మిగిలాయి. వాటి మీద దేవతామూర్తులు లేకపోవడమే అందుకు కారణమని చాలామంది చెబుతారు. తోరణాన్ని దూరం నుంచి ఫొటో తీసుకొని వెళ్లిపోకుండా దాని కిందికి వెళ్లి తలెత్తి చూస్తే, అడ్డదూలం నుంచి కిందికి వేలాడే తామరమొగ్గలూ, పైన కొసల మీద హంసలూ కనిపిస్తాయి. ఆలయపు శకలాలను వరుసగా పేర్చిన ఆ ఆవరణలో గంటన్నర గడపవచ్చు. పక్కనే ఉన్న ఖుష్ మహల్‌కు పావుగంట చాలు.

రెండవ రోజు: రామప్ప, దాని చెరువు, గణపురం

ఈ ప్రాంతంలో ఒక్క స్థలమే చూసే వీలుంటే అది పాలంపేట కావాలి. హనుమకొండ నుంచి ఆరు గంటలకే బయలుదేరి, ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగి వెంకటాపూర్ మీదుగా వెళితే, ఎనిమిదింటికల్లా గుడి ముందు ఉండవచ్చు. దూరం దాదాపు 65 కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్లమనడానికి కారణం జనం ఒక్కటే కాదు. గుడి తూర్పు ముఖంగా ఉంది, లేత ఎండ నేరుగా ముందరి మదనికల (చూరు కింది స్త్రీ శిల్పాల) మీద పడుతుంది, ఎర్రటి ఇసుకరాతి గోడల మధ్య నల్లరాతి బొమ్మలు అప్పుడే విడిగా తేలి కనిపిస్తాయి. పదకొండు దాటితే చూరు నీడలోకి వెళ్లిపోతాయి.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ ఆలయాన్ని ప్రతిష్ఠించినట్టు ఆవరణలోని శాసనం తెలుపుతుంది. గుడిలోకి వెళ్లే ముందే ఆ శాసన స్తంభాన్ని చూడడం మంచిది. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వాడిన పేరు కాకతీయ రుద్రేశ్వరాలయం; ప్రజల నోట మాత్రం ఇది రామప్ప గుడే.

చూసే క్రమం గురించి ఒక సూచన. ముందుగా లోపలికి వెళ్లకుండా బయటి నుంచి పీఠం వెంట ఒక ప్రదక్షిణ చేయండి. అడుగున ఏనుగుల బారు గుడి చుట్టూ సాగుతుంది, ఏ ఏనుగూ మరో ఏనుగులా ఉండదు. రెండవ చుట్టులో తలెత్తి చూరు కింద ఉన్న మదనికలను ఒక్కొక్కరినే చూడండి. ఒకామె పాదాలకు ఎత్తు మడమల చెప్పులున్నాయి, ఇంకొకామె ఒంటిని పాము చుట్టుకొని ఉంది. నగల అంచు ఒంటికి అంటక, నడుమ చిన్న సందు వదిలి చెక్కినందువల్ల ఆ నగ నీడ రాతి ఒంటి మీద పడుతుంది. పొద్దుటి ఎండలోనే తెలిసే సంగతి ఇది. మూడవ చుట్టు రంగమండపం లోపల. అక్కడి స్తంభాల మీద మద్దెల వాయించేవారు, అడుగులు వేసే వీరులు వరుసగా కనిపిస్తారు. ఈ భంగిమలనూ, కాకతీయుల గజసేనాని జాయప రాసిన నృత్యశాస్త్రాన్నీ ఆధారం చేసుకొనే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. కొన్నిచోట్ల నేల అలలాగా కుంగి లేచి ఉంటుంది, చూసి అడుగు వేయాలి. ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టిన కట్టడం ఇది. నేల ఇంతగా కదిలినా కప్పు నిలిచే ఉంది. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేటంత తేలికైనవని వినే ఉంటారు. పైభాగం బరువు తగ్గించడానికి చేసిన ఏర్పాటు అది. స్థానిక గైడును పెట్టుకోవడం మంచిదే, వారికి ఒక్కొక్క బొమ్మ కథా తెలుసు. గర్భగుడి వాకిలి పక్కన పొన్నచెట్టు కింద వేణుగోపాలుడి శిల్పాన్ని వేలితో మీటి సరిగమలు వినిపిస్తామంటే మాత్రం మర్యాదగా వద్దనడమే ఆ రాతికి మేలు. నిత్యపూజ జరిగే గుడి కాబట్టి గర్భగృహం ముందు ఫొటోల సందడి తగ్గించాలి.

గుడి చూశాక నేరుగా బండెక్కకుండా రామప్ప చెరువు కట్ట మీదికి వెళ్లాలి. గుడి కట్టించిన రేచర్ల రుద్రుని కాలం నాటి చెరువే ఇది. ఇప్పటికీ దీని ఆయకట్టులో వరి పండుతోంది. కొండల నడుమ ఉన్న ఖాళీని మాత్రమే కట్టతో మూసి, మిగతా మూడు వైపులా గుట్టలనే గట్లుగా వాడుకున్న ఉపాయం కట్ట మీద నిలబడితే ఒక్క చూపులో అర్థమవుతుంది. తూము ఎక్కడుందో, మత్తడి ఎటు పోతుందో అక్కడి రైతులను అడగండి. గుడి గురించి అడిగితే గైడును చూపిస్తారు గాని, చెరువు గురించి అడిగితే వాళ్లే నిలబడి చెబుతారు.

పాలంపేట నుంచి గణపురం దాదాపు పది కిలోమీటర్లు. ఇక్కడి కోటగుళ్లను చూసేవారు రామప్పకు వచ్చేవారిలో చాలా తక్కువ, అది వారి నష్టమే. ఒకే ప్రాకారంలో ప్రధానాలయమైన గణపేశ్వరాలయంతో కలిపి ఇరవై రెండు గుళ్లు ఉన్నాయని లెక్క. కొన్నింటికి శిఖరం లేదు, కొన్నింటికి గోడలే మిగిలాయి. ఏనుగు మీద స్వారీ చేసే సింహపు ఆకారం, గజకేసరి, ఇక్కడ చూడవలసిన శిల్పం. రామప్పలో నిండుగా చూసిన నిర్మాణాన్ని ఇక్కడ విరిగిన చోట్ల చూస్తారు కాబట్టి, దూలం స్తంభం మీద ఎలా కూర్చుందో, రాయికీ రాయికీ మధ్య అతుకు ఎలా ఉందో ఇక్కడే బాగా తెలుస్తుంది. ఊరిలోని గణపసముద్రం కట్ట మీద అరగంట కూర్చొని, తిరుగు ప్రయాణానికి భూపాలపల్లి–పరకాల రహదారి ఎక్కితే వచ్చిన దారినే మళ్లీ చూడనక్కరలేదు.

ఆ దారిలోనే రేగొండ మండలంలో పాండవుల గుట్టలు ఉన్నాయి. పొరలు పొరలుగా లేచిన ఇసుకరాతి గుట్టల మీద, రాతి చూరుల కింద ఆదిమానవులు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులతో గీసిన జంతువులు, గుర్తులు ఉన్నాయి. 1990లో ఇవి పురావస్తు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. గుట్ట ఎక్కడానికి బూట్లు ఉండాలి, మోకాళ్ల నొప్పులున్నవారు పైకి పోకుండా కింది చూరుల వరకే చూడడం మంచిది, స్థానికుడు ఒకరు వెంట ఉంటే తప్ప బొమ్మలున్న చోట్లు దొరకవు. బొమ్మ స్పష్టంగా కనిపించడానికి దాని మీద నీళ్లు చల్లేవారు ఉన్నారు. ఆ పని ఎవరు చేయబోయినా ఆపాలి; వేల ఏళ్లుగా వాననీరు తగలని చూరు కింద ఉన్నందువల్లే ఆ రంగు నిలిచింది. సాయంత్రం నాలుగు దాటాక గుట్ట ఎక్కడం మొదలుపెట్టవద్దు. రామప్ప, గణపురం తీరికగా చూస్తే ఆ రోజు ఇక్కడికి పొద్దు ఉండదు, అలాంటప్పుడు దీన్ని మరో ప్రయాణానికి వాయిదా వేసుకోవడమే సబబు.

లక్నవరమా, పాకాలా?

రెండూ కాకతీయుల చెరువులే, రెండింటి చుట్టూ అడవే. గోవిందరావుపేట మండలంలోని లక్నవరంలో వేలాడే వంతెనలు, దీవులు, బోటు షికారు, పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి. పిల్లలతో వచ్చేవారికి ఇది నచ్చుతుంది. శనివారం, ఆదివారం మాత్రం వంతెన మీద నడవడానికి కూడా సందు ఉండదు. రాత్రి బస చేసేవారికి తెల్లవారుజామున పొగమంచులో కనిపించే చెరువు పగటిపూట వచ్చేవారు చూసేది కాదు. నర్సంపేట దాటాక వచ్చే పాకాల గణపతిదేవుని కాలంలోనే, జగదాల ముమ్మడి కట్టించినది. అక్కడ హంగులు తక్కువ, అభయారణ్యం నిశ్శబ్దం ఎక్కువ. పక్షుల కోసం, కట్ట మీద నడక కోసం అయితే నా ఓటు పాకాలకే. తినడానికి ఏదైనా వెంట తీసుకుపోవాలి, చెత్తను మళ్లీ వెంట తెచ్చుకోవాలి.

అడవి లోపలికి

తాడ్వాయి, మేడారం, ఏటూరునాగారం వైపు వెళ్లడానికి పూర్తిగా ఒక రోజు కేటాయించాలి. ములుగులోనే ఇంధనం నింపుకోవాలి, చేతిలో కొంత నగదు ఉంచుకోవాలి, సిగ్నల్ ఉండని చోట్లు వస్తాయి కాబట్టి దారి మ్యాపును ముందే ఫోనులో దించుకోవాలి. దోమల నుంచి కాపాడుకోవడానికి పూర్తి చేతుల దుస్తులు వేసుకోవాలి.

మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరుగుతుంది. 2024లోనూ 2026లోనూ జరిగింది. జాతరకు ముందు వారాల నుంచే ఈ దారంతా బండ్లతో నిండిపోతుంది కనుక, జాతర కోసమే వచ్చేవారు తప్ప మిగతావారు ఆ నెలలో ఇటు రాకపోవడం మంచిది. మామూలు రోజుల్లో గద్దెలను ప్రశాంతంగా దర్శించుకోవచ్చు. అక్కడ విగ్రహం కోసం వెతకవద్దు. ఇది కోయల కొలుపు, జాతరలో చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క వస్తుంది, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, భక్తులు సమర్పించే బెల్లాన్నే బంగారం అంటారు. కోయగూడేలలో ఇళ్ల ముందు నిలబడి అడగకుండా ఫొటోలు తీయడం మర్యాద కాదు.

తాడ్వాయి మండలంలోనే దామరవాయి గుట్ట మీద బృహత్ శిలాయుగపు సమాధులు ఉన్నాయి. ఊళ్లో రాక్షసగూళ్లు అంటారు, ఆ పేరు చెప్పి అడిగితేనే దారి చూపిస్తారు. పెద్ద పెద్ద పలకరాళ్లను గోడల్లా నిలబెట్టి, పైన ఒకే బండను మూతగా కప్పిన గూళ్లు గుట్ట మీద పదుల కొద్దీ కనిపిస్తాయి. మూతబండల కిందికి దూరవద్దు, వాటి మీదికి ఎక్కవద్దు. నిధుల ఆశతో తవ్వినవారి వల్ల అనేకం ఇప్పటికే ఒరిగి ఉన్నాయి. వానకాలంలో పొదలు పెరిగి దారి మూసుకుపోతుంది, డిసెంబరు, జనవరి నెలలు ఇక్కడికి అనుకూలం.

బొగత జలపాతం గోదావరి అవతల వాజేడు మండలంలో, హనుమకొండకు దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీదుగా వెళ్లాలి. దీన్ని రామప్పతో కలిపి ఒకే రోజులో పెట్టుకోవద్దని గట్టిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే అందరూ అదే చేస్తారు. నిర్వహణ అటవీ శాఖది. వరద పోటు ఎక్కువగా ఉన్న రోజుల్లో నీటిలోకి దిగనివ్వరు, ఒక్కోసారి సందర్శననే ఆపివేస్తారు. నిషేధపు తాడు దాటి రాళ్ల మీదికి వెళ్లినవారు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఉన్నాయి కాబట్టి సిబ్బంది మాటతో వాదించవద్దు.

తిరుగు దారిలో

సంక్రాంతి నుంచి ఉగాది వరకు సాగే జాతర రోజుల్లో వచ్చినవారు వరంగల్‌కు దగ్గరలోని ఐనవోలు మల్లన్న గుడికి వెళ్లాలి. కాకతీయ తోరణాలున్న ఆ ఆవరణలో ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో నేల మీద పట్నం అనే ముగ్గు వేసి, డోలు వాయిస్తూ మల్లన్న కథ చెబుతారు. ఇక్కడ చరిత్ర నోటి మీదుగా నడుస్తోంది. మధ్యలో లేచిపోకుండా కథ ఒక ఘట్టమైనా వినాలి.

కొనుగోళ్లు చేసేవారు వరంగల్ కొత్తవాడలో మగ్గాల మీద నేసే దర్రీలను చూడవచ్చు, వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది. హైదరాబాద్ వైపు వెళ్లే రహదారి మీదే, జనగామ దాటాక పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకును మెత్తని పరుపు మీద ఆనించి, వెనుక నుంచి సుత్తితో, చిన్న ఉలులతో కొట్టి బొమ్మను ముందుకు ఉబికిస్తారు. గుళ్ల ద్వారాలకు తొడిగే రేకులు ఇక్కడి నుంచే వెళతాయి. రోడ్డు పక్క దుకాణాల్లో బేరం చేసే ముందు ఊళ్లోకి వెళ్లి పని జరిగే చోటు చూడండి. అచ్చు పోసిన వస్తువుకూ, చేత్తో కొట్టిన రేకుకూ తేడా వెనుక వైపు చూస్తే తెలుస్తుంది: చేతిపని అయితే ముందు ఉబికిన ప్రతి గీతా వెనుక గుంటగా ఉంటుంది, సుత్తి దెబ్బల గుర్తులు కనిపిస్తాయి. ధర అడగడానికి ముందే వస్తువును తిప్పి చూడండి.